బోణీ పళ్లెం

పోయిన నెలలో మా మేనకోడలు కొత్త ఉద్యోగంలో చేరిన సంబరంలో నన్ను మాదాపూర్‌లో ఈమధ్యే పెట్టిన ఒక భోజనశాలకు తీసుకెళ్లింది. అక్కడ కోస్తా, సీమ, తెలంగాణ వంటలు మూడూ ఒకే పళ్లెంలో చిన్న చిన్న గిన్నెల్లో సర్ది ఇస్తారు. ధర మన బోటివాళ్లకు అందుబాటులోనే ఉంది, రుచికీ వంక పెట్టడానికి లేదు. చుట్టూ కూర్చున్న పిల్లలు మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకుని, ఏ గిన్నె ఏ జిల్లాదో పట్టించుకోకుండా సీమ ఊరుమిండి పచ్చడినీ తెలంగాణ పచ్చిపులుసునీ కలిపేసుకుని హాయిగా తింటున్నారు. నాకు మాత్రం పచ్చిపులుసు గిన్నె దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఏమైందత్తా అని ఆ పిల్ల అడిగితే కారం ఎక్కువైందని అబద్ధమాడాను. అరవయ్యేళ్లు దగ్గరపడ్డాక కూడా ముద్ద ఎందుకు దిగలేదో సొంత మేనకోడలికి చెప్పుకోలేకపోయాను. అందుకే మన ఈడువాళ్ల ముందు ఇక్కడ చెప్పుకుంటున్నాను, మీకైతే ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న ఆ రోజుల్లో నేను మాదాపూర్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రాన్స్‌పోర్టు డెస్కు చూసేదాన్ని. సాఫ్ట్‌వేర్ అనగానే నాకేదో కంప్యూటర్ల విద్య తెలుసనుకునేరు, నా పనల్లా ఉద్యోగులను ఇళ్ల నుంచి తెచ్చి మళ్లీ ఇళ్లకు చేర్చే క్యాబులను పురమాయించడమే. డ్రైవర్లంతా పొద్దున్నుంచీ నాకే ఫోన్లు చేసేవాళ్లు కాబట్టి ఏ రోడ్డు మూశారు, ఎక్కడ టైర్లు తగలబెట్టారు, ఏ చౌరస్తాలో జనం బైఠాయించారు అన్నది టీవీల కంటే ముందు నాకే తెలిసేది. బంద్ పిలుపు వచ్చిందంటే పెద్ద పెద్ద మేనేజర్లు సైతం నా బల్ల చుట్టూ చేరి ఈరోజు పరిస్థితేమిటి మేడమ్ అని అడిగేవాళ్లు. అబ్బో, ఆ గొప్ప నాకు బాగానే తలకెక్కింది. విన్నదాన్ని విన్నట్టు చెప్పడమే కానీ, నిజమో కాదో ఇంకొకరిని అడిగి చూసుకునే ఓపిక అప్పట్లో నాకు ఉండేది కాదు.

ఉండడం మూసాపేటలో మా తమ్ముడింట్లో. తెల్లవారకముందే బయల్దేరాలి కాబట్టి క్యారేజీ కట్టుకునే వీలు లేదు, ఆఫీసు క్యాంటీను చూస్తే ఉడికించిన గడ్డిలా ఉండేది. ఆ ఆకలి మీదే ఒకరోజు ఆఫీసు వెనక సందులో తిరుగుతూ ఉంటే ఒక ఇంటి కింది గదిలో మెస్సు కనపడింది, షట్టరు పైన గోడ మీద ఎర్ర రంగుతో "కడప భోజనం" అని రాసి ఉంది. మా జిల్లా పేరు చూసి గబగబా లోపలికి పోయాను. మెస్సు నడిపే ఆమెది ప్రొద్దుటూరు పక్కన పల్లె, నాది జమ్మలమడుగు దగ్గర. ఆ పూటే వరసలు కలుపుకుని ఒకరినొకరం వదినా అని పిలుచుకోవడం మొదలుపెట్టాం. ఆమె చేతి సంగటి, చెనిక్కాయల ఊరుమిండి, చుక్కాకు పప్పు, వాటి మీద ధారాళంగా వేసే నెయ్యి, ఇంకో గరిటె వడ్డించేదాకా పక్కనుంచి కదలని ఆమె మొండితనం, ఇవన్నీ తలచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. ఎవరు ఎన్నిసార్లు పెట్టించుకున్నా విసుక్కునేది కాదు. సందులో హాస్టళ్ల పిల్లలంతా అక్కడే తినేవాళ్లు, గుంటూరు పిల్లలూ, వరంగల్ పిల్లలూ, అనంతపురం పిల్లలూ, అందరూను.

ఆ ఇంటి యజమాని ఒక తెలంగాణ పెద్దాయన. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోటే ఒకప్పుడు ఆయన జొన్న పండించేవాడట. పై అంతస్తులో ఉండేవాడు, వదిన ఆయన్ని కాకా అని పిలిచేది. భర్త పోయి, ఉన్న ఊళ్లో ఏ ఆధారమూ లేక ఆమె ఈ నగరానికి వచ్చినప్పుడు ఆ గది ఇచ్చిందీ, రంగులాయన్ని పిలిపించి గోడ మీద ఆ పేరు రాయించిందీ ఆయనే. నా పేరెందుకు కాకా అని ఆమె మొహమాటపడితే, నీ పేరు గాకుంటె నీ ఊరి పేరు రాయమ్మా, ఆకలైనోడు అది చూసుకుంట వస్తడు అన్నాడట. కాకా ఇంట్లో నేర్చుకున్న పచ్చిపులుసు ఆమె గురువారం గురువారం పెట్టేది.

అక్కడొక పద్ధతి ఉండేది. పన్నెండు గంటలకు పెద్దాయన కిందికి దిగి, గోడ పక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, వాకిట్లో ఉన్న స్టూలు మీద కూర్చునేవాడు. వదిన మొదటి పళ్లెం ఆయనకు పెట్టేది, దాన్ని బోణీ పళ్లెం అనేవాళ్లం. ఆయన రెండు ముద్దలు తిని తలూపితే గానీ లోపల ఎవరికీ వడ్డన మొదలయ్యేది కాదు. ఎంత ఆకలి దంచుతున్నా, ఎంత పెద్ద ఉద్యోగస్తుడు వచ్చి గడియారం చూసుకుంటున్నా ఆ రెండు ముద్దల సేపు ఆగాల్సిందే.

ఉద్యమం ముదిరేకొద్దీ సందులో గాలి మారింది. ఒకే బల్ల మీద తినే పిల్లలు విడివిడిగా కూర్చోవడం, టీవీలో వార్తలు రాగానే మాటలాపి పళ్లేల్లోకి చూడడం మొదలైంది. పెద్దాయన ఉద్యమం మనిషే, పొద్దున్నే గచ్చిబౌలి వైపు దీక్షా శిబిరానికి పోయి పన్నెండుకల్లా తిరిగి వచ్చేవాడు. ఇవతల బోణీ పళ్లెం దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. మా వదినకు ఆయన మీద ఎంత నమ్మకమంటే, ఊరు ఊరంతా తగలబడినా కాకా ఉన్నంతవరకు నాకేం కాదు వదినా అనేది.

ఒక బంద్ రోజు పొద్దున పది దాటాక మా డ్రైవరొకడు ఫోను చేశాడు. "మేడమ్, ఇగ మన మాదాపూర్ దిక్కు బండ్లు పంపకుండ్రి, ఆంధ్రోళ్ల బోర్డులన్నీ పగలగొట్టుకుంట వస్తున్రంట" అన్నాడు. వస్తున్రంట అన్నాడే గానీ నువ్వు చూశావా అని నేను అడగలేదు. ఫోను పెట్టేసి పరుగున మెస్సుకు పోయాను. అప్పటికే హాస్టళ్ల వంటలు లేక పదిహేను మంది పిల్లలు అక్కడ చేరి ఉన్నారు. పండక్కి గోడలకు వెయ్యగా మిగిలిన సున్నం ఉంది కదా, ముందు ఆ పేరు మీద పూసెయ్, పిల్లలకు త్వరగా పెట్టి పంపించి షట్టరు దించెయ్ అన్నాను. వదిన బిత్తరపోయింది.

"కాకాకు ఒక మాట చెప్పొద్దా వదినా? ఆయన రాయించిన పేరది. ఆయన తినందే పిల్లోళ్లకు పెట్టేదెట్ల?"

అప్పుడు నా నోట వచ్చిన మాటను ఎన్నేళ్లయినా నేను వెనక్కి తీసుకోలేను. "ఆయన మాత్రం ఎవరనుకున్నావు, ఆ వచ్చే గుంపులో ఆయన కూడా ఉంటాడు" అన్నాను. నాకు అన్నీ ముందే తెలుస్తాయని వదిన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఏడుపు ముఖంతో స్టూలు ఎక్కింది. ఆ స్టూలే, పెద్దాయన కూర్చునేదే. చీపురు ముంచి సున్నం పూస్తుంటే ఎర్ర అక్షరాలు ఒక్క పూతతో పోలేదు, గులాబీ రంగులో మసకగా కనిపిస్తూనే ఉన్నాయి. ఇంకో పూత వెయ్యి, ఇంకో పూత వెయ్యి అని కింద నిలబడి నేనే తొందరపెట్టాను. తర్వాత పిల్లలకు వడ్డించింది. బోణీ లేకుండా ఆ మెస్సులో వడ్డన జరగడం నేను చూసింది ఆ ఒక్కనాడే.

వాళ్లు సగం తిన్నారో లేదో సందు మొదట్లో నినాదాలు వినపడ్డాయి. తొంగిచూస్తే జెండాలు. నలుగురైదుగురు కుర్రవాళ్లు, వాళ్ల మధ్యలో తెల్ల పంచెలో పెద్దాయన. చూశావా, నేను చెప్పలేదా అన్నాను వదినతో. ఆ మాట అంటున్నప్పుడు భయం ఒకవైపు ఉన్నా, నా మాట నిజమైందన్న ముచ్చట కూడా లోపలెక్కడో ఉందని ఒప్పుకోవాలి. ఇద్దరం కలిసి షట్టరు బర్రున లాగేశాం. లోపల చీకటి. ఫ్యాను కూడా ఆపేశాను, చప్పుడు బయటికి పోతుందని. పిల్లలు కలిపిన ముద్దలు చేతుల్లోనే పెట్టుకుని కూర్చుండిపోయారు.

నినాదాలు షట్టరు ముందుకొచ్చి ఆగిపోయాయి. కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ల చప్పుడు. ఆ తర్వాత షట్టరు మీద మెల్లగా రెండు దెబ్బలు.

"అమ్మా, నేను. జర తియ్యి."

వదిన చెయ్యి గొళ్లెం మీదికి పోయింది, నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. కరీంనగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల ఒకతి అక్కడే తింటోంది, "అది తాత గొంతే కద మేడమ్, తియ్యుండ్రి" అంది. ఆగమని కళ్లెర్రజేశాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. మళ్లీ రెండు దెబ్బలు, మళ్లీ అమ్మా అన్న పిలుపు. ఎవరో కుర్రవాడు ఏదో గొణిగాడు, పెద్దాయన వాడిని ఊరుకోమన్నాడు. తర్వాత అడుగులు దూరమయ్యాయి. పది నిమిషాలు అట్లాగే కూర్చున్నాం. వదిన మణికట్టు నేను వదలనేలేదు, ఆమె నాడి కొట్టుకోవడం నా వేళ్లకు తెలుస్తూనే ఉంది.

షట్టరు ఎత్తేసరికి కుర్రవాళ్లు లేరు. పెద్దాయన ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కడుక్కున్న చేతులు అప్పటికే ఆరిపోయాయి. తల ఎత్తి గోడ మీది సున్నం చూశాడు, లోపల ఎంగిలి పళ్లేలు చూశాడు. అరుస్తాడనుకున్నాను, గది ఖాళీ చెయ్యమంటాడనుకున్నాను. ఆయన గొంతు పెంచనేలేదు.

"శిబిరం కాడి పోరగాళ్లు పొద్దటి సంది ఏం తినలేదు. మా అమ్మ వంట ఎట్లుంటదో తినిపిస్తనని తోలుకొస్తి. వాళ్లు నీ వాకిట్ల కూసుంటే ఇటు దిక్కు ఎవ్వడు రాడని గూడ అనుకుంటి" అన్నాడు. మళ్లీ గోడకేసి చూసి, "పేరు తుడిసేముందు నన్నొక్క మాట అడగకపోతివి గదమ్మా" అన్నాడు.

తప్పయింది కాకా అని మాత్రం అంది వదిన. నేను చెప్పబట్టే చేసిందని ఒక్క ముక్క అనలేదు. నేను అక్కడే, ఆమె వెనకే, సున్నం బకెట్టు పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఆయన లేచి మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆ సందులో ఎవరూ ఏ బోర్డూ పగలగొట్టలేదు. ఆ డ్రైవరు విన్నది కూడా ఎవరో చెబితే విన్నదేనట, ఆ సంగతి మర్నాడు తీరిగ్గా చెప్పాడు. పెద్దాయన గది ఖాళీ చెయ్యమనలేదు, ముఖం చాటెయ్యలేదు, ఎదురుపడితే పలకరించేవాడు. కాకపోతే మళ్లీ ఎన్నడూ పన్నెండు గంటలకు కిందికి దిగి ఆ స్టూలు మీద కూర్చోలేదు. వదిన రోజూ మొదటి పళ్లెం కలిపి పైకి పంపేది, అది కడిగి తిరిగి వచ్చేది. ఆయన తినేవాడో ఎవరికైనా పెట్టేసేవాడో ఆమెకు తెలియదు. ఆ పళ్లెం తిరిగి వచ్చేదాకా ఆమె గుమ్మం వైపే చూస్తూ నిలబడేది. అది చూడలేక నేను మెస్సుకు పోవడం తగ్గించి, చివరికి మానేశాను. క్యాంటీను గడ్డే నయమనుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. మా ఆఫీసు గచ్చిబౌలికి మారింది. వదిన మెస్సు మూసేసి వెళ్లిపోయిందని ఎవరో చెబితే అప్పుడు కానీ నా కాళ్లు ఆ సందు వైపు నడవలేదు. గదిలో జిరాక్సు దుకాణం పెట్టారు. పెద్దాయన వాకిట్లోనే ఉన్నాడు, బాగా వంగిపోయాడు. నిలబడే చెప్పేశాను, సున్నం నేను పూయించిందే, ఆ గుంపులో మీరూ ఉంటారని అన్నది నేనే, షట్టరు తియ్యకుండా చెయ్యి పట్టుకున్నది నేనే, ఆమె తప్పు ఇసుమంత కూడా లేదని. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

"ఇన్నేండ్లు ఆమె నన్ను నమ్మలేదనే అనుకున్న బిడ్డా" అన్నాడు. నా చేతిలోని ఫోను చూశాడు. ఆ తర్వాత, "నా కాడున్న నంబరు కలుస్తలేదు. ఆమె కొత్త నంబరుంటే జర కలుపు, ఒక్కసారి మాట్లాడత" అన్నాడు.

నా ఫోనులో వందల మంది డ్రైవర్ల నంబర్లున్నాయి. వదిన నంబరు లేదు. రోజూ ఎదురుగా ఉండే మనిషికి ఫోనెందుకని ఎప్పుడూ తీసుకోలేదు, తీసుకోవాల్సిన రోజుల్లో ముఖం చెల్లక తప్పించుకు తిరిగాను. కనుక్కుంటాను పెద్దాయనా అన్నాను. హాస్టళ్లలో అడిగాను, ప్రొద్దుటూరు వైపు బంధువులకు చెప్పాను, ఊరి పేరు సరిగా తెలియక ఎవరూ పట్టుకోలేకపోయారు. రెండుసార్లు ఆయన అడిగాడు, దొరికిందా బిడ్డా అని. మూడోసారి నేను వెళ్లేసరికి ఆయన కన్నుమూశాడని చెప్పారు.

ఇప్పుడు ఆ సందూ లేదు, ఆ ఇల్లూ లేదు. మా మేనకోడలి వయసు పిల్లలకు ఆ భయాలు చెబితే నమ్మరు, నమ్మకపోవడమే మంచిది, వాళ్ల పళ్లేల్లో అన్ని ఊళ్లూ కలిసే ఉంటున్నాయి. నాకే ఇంకా తీరలేదు. ఏ భోజనశాలకు పోయినా వడ్డించేవాళ్ల మాటలో మా కడప యాస వినపడితే, మీది ఏ ఊరమ్మా, మాదాపూర్‌లో మెస్సు నడిపినామె ఎవరైనా మీకు తెలుసా అని అడుగుతాను, పక్కనున్నవాళ్లు విసుక్కున్నా సరే. దొరికితే క్షమించమని అడగను, ఆ అర్హత నాకు లేదు. పెద్దాయన నీ నంబరు అడిగాడు వదినా అని, అంతే చెప్పాలి.