హూడి బస్సు దండులోకి పోయిన రోజు

ముప్పైయిద్దరు ప్రయాణికులున్న బస్సును పట్టపగలు దండులోకి, అంటే మిలిటరీ కంటోన్మెంటులోకి, తోలుకుపోయిన డ్రైవరు బెంగళూరు మొత్తంలో ఒక్కడే. ఆ ఘనుణ్ణి నేనే. చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

చైనా యుద్ధంలో మంచుకొండల మీద లారీ నడిపి ఇంటికొచ్చిన కొత్త. అమ్మ "అన్నం తింటావా నాయనా" అంటే అటెన్షన్‌లో నిలబడేవాణ్ణి. గొళ్ళెం చప్పుడుకే మంచం కింద దూరేవాణ్ణి. ఆరునెలలు అలా గడిచాక, కలాసిపాళ్యం నుంచి హూడి పల్లెకు పోయే ప్రైవేటు బస్సులో పని దొరికింది.

మొదటి రోజే, అలసూరు దగ్గర ఒక మిలిటరీ లారీ సందులోంచి వచ్చి నా ముందు చేరింది. అంతే! కాళ్ళూ చేతులూ నా మాట వినడం మానేశాయి. ముప్పై గజాల ఎడంతో దాని వెనకే పడ్డాను.

"అన్నా, స్టాపు పోయ! నిలుపు!" అంటూ కండక్టరు రామన్న గంట కొట్టాడు. ఒక గంటంటే ఆపాలి, రెండంటే పోవాలి. భయంతో వాడు హారతి వేళ పూజారిలా వాయించాడు. నేను వేగం పెంచాను.

ఆకుకూరలు అమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి పోతున్న మునెమ్మవ్వ లేచి అరిచింది. "అప్పా, హూడి ఆ పక్క ఉండాది!"

"కాన్వాయ్! ఎవరూ మాట్లాడకూడదు!" అన్నాను.

"ఏంది కానివ్వాల? ఆవుకు పాలు పిండే పొద్దాయ!"

గుడ్డెద్దు చేలో పడుతుందంటారు. నా బస్సు దండులో పడింది. లారీ వెనకే వస్తున్నాం కదా, కొత్త సిపాయిలనుకుని గేటు దగ్గర కాపలావాడు అడ్డుకర్ర ఎత్తాడు. ఒక సుబేదారు వచ్చి, గంపతో దిగిన మునెమ్మవ్వను చూసి, ఈమెను ఏ రెజిమెంటుకు పంపాలా అన్నట్టు నిలబడిపోయాడు.

నేను లారీ దగ్గరికి పరుగెత్తి డ్రైవరు మొహం చూశాను. ఎవరో.

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

"ఎవర్ని వెతకతా ఉండావప్పా?" అంటూ అవ్వ పక్కన కూర్చుంది.

చెప్పాను. కొండల్లో నా స్నేహితుడు జీత్‌సింగ్ లారీ నా ముందు నడిచేది. పొగమంచులో దారి కనపడదు. "నా బండి వెనక ఎర్రదీపం వదలకు" అనేవాడు. ఒకరోజు మలుపు తిరిగేసరికి ఆ దీపం లేదు. లారీతో సహా లోయలో పడిపోయాడు. చివరిచూపు కూడా దక్కలేదు.

అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది. సుబేదారు అందరికీ ఇత్తడి గ్లాసుల్లో టీ ఇప్పించాడు. రామన్న రెండు తాగి, "స్టాపు బాగుండాది" అన్నాడు.

మరునాడు ఓనరు గుడ్లురిమాడు. "ముప్పైయిద్దర్ని దారి తప్పించినోడికి పనా? బీగాలు ఇచ్చి పో!"

అప్పటికే బస్సెక్కి కూర్చున్న మునెమ్మవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది. "తప్పిపోయింది మేము కాదప్పా, ఈ బిడ్డ. మేము తోడు పోయినాము, అంతే."

ఓనరు బీగాలు, అదే బస్సు తాళంచెవులు, తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఆ రోజే స్టీరింగు మీద చెయ్యేసి భీషణ ప్రతిజ్ఞ చేశాను: బస్సులో జనం ఉండగా, ప్రాణం పోయినా మిలిటరీ లారీ వెంట పోను. కనిపిస్తే బస్సు పక్కకు ఆపి, దిగి, అది కనుమరుగయ్యేదాకా సెల్యూటు కొట్టి నిలబడతాను. అలాగే చేశాను కూడా. మునెమ్మవ్వ ఉన్న రోజున ఆమె కూడా దిగి, నా పక్కన నిలబడి సెల్యూటు కొట్టేది, ఎడమచేత్తో.