యాంటెన్నా చెప్పిన ముగింపు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది. వీధిలో దాన్ని వాడినవాళ్ళు లేరు. పిల్లా పెద్దా అందరికీ ఆయన యాంటెన్నా. నలభై ఏళ్ళు టీవీలు బాగుచేశాడు, అందులో సగం జనాల మేడల మీదే గడిపాడు. పైన ఆయన గొట్టం తిప్పుతుంటే కింద జనం "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది!" అని గోల పెట్టేవారు. ఊరందరికీ బొమ్మ తెప్పించిన మనిషికి ఆ బొమ్మ చూసే యోగం మాత్రం అంతంతమాత్రం.

ఆ రోజులే వేరు. ఆదివారం సాయంత్రం అయిందంటే ఆయన ఒంటిగది షాపులో ఇరవై మంది ఇరుక్కునేవారు. టంకం వాసన, విప్పదీసిన సెట్లు, బల్లకింద పిల్లలు. అందరూ 'ఏడో తీరం' కోసమే. మనుషులు బతకడానికి చోటు వెతుక్కుంటూ ఆకాశంలో తిరిగే ఓ నౌక కథ అది. అందులో సైన్సు పాలెంతో నీళ్ళెంతో ఎవరూ అడగలేదు. నౌక నడిపే ముసలాయన్ని మనవాళ్ళు సరంగు అని పిలుచుకున్నారు. ఆయన దగ్గితే వీధి మొత్తం కంగారుపడేది.

నాలుగో సీజన్ ఆఖరి భాగం రోజున గాలివాన. నౌకని కాపాడటానికి సరంగు చిన్న పడవలో ఒంటరిగా నల్ల నక్షత్రం వైపు బయలుదేరాడు. సరిగ్గా అప్పుడే బొమ్మ పోయింది. యాంటెన్నా వానలో మేడెక్కి గొట్టం పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. బొమ్మ రాలేదు. ఏం జరిగిందో ఎవరూ చూడలేదు.

మర్నాడు అక్క ఇంటికి వెళ్తే ఎనిమిదేళ్ళ మేనకోడలు అన్నం ముట్టకుండా కూర్చుంది. ఆ ఏడే ఆ పిల్ల తండ్రి లారీ తోలుతూ ప్రమాదంలో పోయాడు. "మావయ్యా, సరంగు కూడా రాడా?" అని అడిగింది. తెలీదని చెప్తే సరిపోయేది. ఆయనకి నోరు రాలేదు. "జనం వెళ్ళాక షాపులో చిన్న సెట్టుకి బొమ్మ వచ్చిందే, నేను చూశాగా! పడవ తప్పించుకుంది. నౌకవాళ్ళకి ఫోన్‌లో చెప్పాడు, 'దీపం ఆర్పొద్దు, దారిలో ఉన్నాను' అని" అనేశాడు. పిల్ల లేచి అన్నం తింది. అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రానికి వీధంతా పాకింది.

తర్వాతి సీజన్లలో కథ వేరే నౌకల మీదికి పోయింది, సరంగు ఊసే లేదు. ఆ పాత భాగం రీలు పాడైపోయిందన్నారు. ఇన్నేళ్ళకి ఇప్పుడు తొమ్మిదో సీజన్ వస్తోంది. పాత నౌక కథేనట. రీలు బాగుచేశారట, ముందు ఆ ఆఖరి పది నిమిషాలు చూపించి, తర్వాత కొత్త భాగం వేస్తారట. ఈ కబురు విన్నప్పటి నుంచీ యాంటెన్నాకి కంటిమీద కునుకు లేదు.

ఆ ఆదివారం షాపులో మళ్ళీ పాత మనుషులు చేరారు. ఇరవై మందిలో మిగిలింది ఆరుగురు.

"సరంగు లేని సీజను గుండీల్లేని చొక్కా" అన్నాడు టైలరు.

"పోయినవాణ్ణి ఎక్కణ్ణించి తెస్తారయ్యా? కొత్త పిల్ల నడుపుతుంది నౌక. నడపనీ" అన్నాడు లెక్కల మాస్టారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన.

"పోలేదు మాస్టారూ! మావయ్య కళ్ళారా చూశాడు" అంది మేనకోడలు. ఇప్పుడామె అంబులెన్సు డ్రైవరు. డ్యూటీ బట్టల్లోనే వచ్చింది, బండి బయట ఉంది.

"ఊరందరికీ పోయిన బొమ్మ మీ మావయ్య ఒక్కడికే వచ్చిందా?"

"అబద్ధమని తేలితే మళ్ళీ ఈ షాపు మెట్టెక్కను. సరేనా?" అంది మేనకోడలు.

యాంటెన్నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. పది నిమిషాలు ఆగితే టీవీయే చెప్పేస్తుంది. టీవీ చేత చెప్పించడం కంటే తనే చెప్పడం మర్యాద అనిపించింది.

"నేను చూడలేదే తల్లీ" అన్నాడు. "మేడమీద తడుస్తూ నిలబడ్డాను. నువ్వు అన్నం తినట్లేదని అల్లి చెప్పాను. దీపం మాట కూడా నాదే."

ఎవరూ నవ్వలేదు, మాస్టారు కూడా. మేనకోడలు మావయ్య వైపు చూడనైనా చూడలేదు.

పాత ముగింపు మొదలైంది. పడవ చీకట్లోకి వెళ్ళింది, ముక్కలైంది. దీపం లేదు, మాటా లేదు. సరంగు పోయాడు. టైలరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. యాంటెన్నాకి సరంగు పోయినందుకంటే, పక్కన బిగుసుకుపోయి కూర్చున్న పిల్లని చూస్తేనే ఏడుపొచ్చింది.

ఆమె లేచింది. వెళ్ళిపోతోందని ఆయనకి అర్థమైంది. అంతలో ఆమె ఫోన్ మోగింది.

"ఆఁ, చెప్పండి... ఊపిరి ఆడుతోందా? పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కంగారుపడకండి అమ్మా. గుమ్మం దీపం ఆర్పొద్దు, దారిలో ఉన్నాను."

ఆ మాట రోజుకి ఎన్నిసార్లంటుందో ఏమో, అలవాటుగా వచ్చేసింది. ఫోన్ జేబులో పెట్టుకోబోతూ ఆగిపోయింది. షాపులో అందరూ ఆమెనే చూస్తున్నారు.

గబగబా మెట్టు దిగి, బండి తలుపు తీసి, వెనక్కి తిరిగింది.

"మావయ్యా! పొద్దున్నే వస్తా. కొత్త భాగంలో ఏమైందో చెప్పు."

"నేనా?"

"నువ్వే. మేడెక్కకుండా కిందే కూర్చుని, చూసి చెప్పు."

బండి కూత పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. మాస్టారు లేచి, ముందు వరసలో తన కుర్చీ యాంటెన్నాకి ఇచ్చాడు.