రసమట్టంలో బుడగ

కరిముల్లా గారికి ఒకటే జబ్బు, కట్టినదాన్ని పడగొట్టడం. ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసి రిటైరైన మనిషి. గోడకి చెక్క బిగించినా దాని మీద రసమట్టం పెట్టి, గాజుగొట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా అన్నం ముట్టేవారు కాదు.

1998 రంజాన్‌కి ముందు భవానీపురంలో మా వీధి బేకరీ కరెంటు ఓవెన్‌కి మారింది. అంతకుముందు ఆడవాళ్లు నాన్‌ఖతాయి బిస్కెట్ల పిండి ఉండలు పళ్లాల్లో పేర్చి తీసుకెళ్తే, కట్టెల బట్టీలో కాల్చిచ్చేవారు. ఇక కుదరదన్నారు.

"పండక్కి కొన్న బిస్కెట్లు పెడితే మా పుట్టింటివాళ్ల ముందు నా పరువేం గానండీ?" అన్నారు ఆయన భార్య నజీమా గారు.

"నేను కడతాగా బట్టీ."

కట్టారు. అరుగు మీద ఇసుక కుప్ప పోసి, చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి, వరిగడ్డి కలిపి తొక్కిన బంకమట్టి మెత్తి, ఆరాక లోపలి ఇసుక లాగేస్తే ముచ్చటైన గుమ్మటం తేలింది. రాజేశారు. గోడకి ఇవతల మా ఇంట్లో అమ్మ సంపూర్ణమ్మ, అసలే ఆయాసం మనిషి, దగ్గుతూ కిటికీ వేసుకుంది.

తెల్లారేసరికి బట్టీ లేదు.

"ఏమైందండీ?" అన్నాను.

"బుడగ పక్కకి జరిగింది."

గుండ్రటి గుమ్మటానికి రసమట్టమేమిటో ఆ దేవుడికే తెలియాలి. రెండోది మూతి అవతలివైపుకి తిప్పి కట్టారు. రాజేశారు, పడగొట్టారు. మూడోదానికి పొగగొట్టం పెట్టారు. అదీ అంతే. ఎప్పుడడిగినా బుడగే. వీధంతా నవ్వింది. నజీమా గారు మాత్రం నవ్వడం మానేశారు.

పండగ ముందురోజు నాలుగోది, తాటిచెట్టంత పొగగొట్టంతో, రాజుకుంది. పళ్లాలు వరసగా సిద్ధంగా ఉన్నాయి. మా ఇంట్లోంచి దగ్గు వినిపించింది. కరిముల్లా గారు గునపం అందుకున్నారు.

నజీమా గారు అడ్డం నిలబడ్డారు. "ఇప్పుడేమైంది?"

"బుడగ జరిగింది."

"రసమట్టం వాళ్లింట్లో ఉందిగా. నిన్న మీరే ఇచ్చారు."

నిజమే, అలమర బిగించుకోవడానికి నేనే తెచ్చుకున్నాను. ఆయన మా కిటికీ వైపు చూశారు. ప్రతిసారీ పడగొట్టింది మా అమ్మ దగ్గిన మర్నాడేనని నాకప్పుడు వెలిగింది.

ఇంతలో అమ్మ గరిటెతో గోడ దగ్గరికొచ్చింది. "కరిముల్లా గారూ, ఆ గునపం పక్కన పెట్టండి. నా తాలింపులో ఎండుమిరపకాయలు మాడాయండీ."

"పొగ రావట్లేదా అక్కయ్యగారూ?"

"పొగెక్కడిదండీ? నాన్‌ఖతాయి వాసన ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా."

మొదటి పళ్లెం మా ఇంటికే వచ్చింది. పండగైన మర్నాడు రసమట్టం తిరిగిచ్చాను. ఆయన దాన్ని గుమ్మటం మీద ఆనించారు. బుడగ పూర్తిగా ఓ చివరకి పోయింది.

కాసేపు తీరిగ్గా చూసి, "సరిగ్గానే ఉంది" అన్నారు.