రంగూన్ పెట్టెలో కొసరు

స్వరాజ్యం వచ్చిన ఏడాదికి మా నూజివీడు మామిడి తాండ్ర సముద్రం దాటింది. రంగూన్‌లో వ్యాపారం చేసే తెలుగాయన ఒకరు నమూనాకి ఒక పెట్టె తెప్పించుకున్నారు. ఈ రోజు ఆయన జాబు వచ్చింది. తాండ్ర బాగుందట, ఇరవై పెట్టెలు పంపమన్నారు. కానీ రేవులో అధికారి లెక్కపెడితే, జాబితాలో రాసిన వంద ముక్కలకి నాలుగు ఎక్కువ వచ్చాయట. దొంగ సరుకేమోనని వారం రోజులు ఆపేశారట.

ఆ నాలుగూ మా అమ్మ వేసిన కొసరు.

“ఈసారి కొసరు వద్దమ్మా,” అన్నాను.

“కొసరు వెయ్యకపోతే మళ్ళీ మన గుమ్మం ఎవరు తొక్కుతార్రా? ఆ కాగితంలోనే రాసెయ్యి. చెప్పి ఇచ్చేది దొంగ సరుకెలా అవుద్ది?” అంది.

సాయంత్రం దాకా కూర్చుని ఇరవై జాబితాలూ రాశాను. ప్రతిదాని అడుగునా ‘కొసరు నాలుగు’ అని విడిగా ఒక వరుస పెట్టాను. పైదేశానికి సరుకు పంపడం ఇంత తేలికా అనిపించింది.

అంతలో మొదటి పెట్టె సర్దుతున్న అమ్మ కేకేసింది. “ఇరవై పెట్టెలు అడిగినాయనకి నాలుగేంట్రా? ఐదు వేశాను.”

మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను. మీరైతే వద్దనగలరా?