మస్తాన్ నడుమూ, బస్సు సీటూ

అది అరవై రెండో సంవత్సరం. నేను గోరంట్ల హైస్కూల్లో డ్రిల్ మాస్టరుగా ఉండేవాణ్ణి. పిల్లల చేత మార్చింగ్ చేయించడం, కబడ్డీ జట్లు తయారు చేయడం నా ఉద్యోగం. పొద్దున్నే ఆరు గంటలకు, బడి తెరవకముందు, స్కూలు వరండాలో పెద్దవాళ్ళకు యోగాసనాలు కూడా నేర్పేవాణ్ణి. మద్రాసులో ట్రైనింగ్ నాటి నుంచి పదేళ్ళుగా నేనూ రోజూ చేస్తున్నాను. అందుకని ఆసనాల వల్ల ఒంటికి ఏం జరుగుతుందో, ఏం జరగదో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. నాకు తెలియనిదేమిటో మస్తాన్ విషయంలో తెలిసింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మస్తాన్ ప్రైవేటు బస్సు డ్రైవరు. పొద్దున కదిరికి, మధ్యాహ్నం హిందూపురానికి పోయి వచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి. ఒకనాడు నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక పక్కకు ఒరిగిపోయి వరండా మెట్లెక్కాడు.

"అయివారూ, నడుము పట్టేసింది. ఎడం కాల్లోకి కరెంటు కొట్టినట్టు గుంజుతాండాది."

"డాక్టరుకు చూపించినావా?"

"సూపించినా. మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు. నేను మంచమెక్కితే ఇంట్లో పొయ్యి ఎలగదు. సావుకారు ఇంగో డ్రైవర్ని పెట్టుకుంటాడు."

సావుకారంటే ఆ బస్సు యజమాని.

డాక్టరు చీటీలో సయాటికా అని ఉంది. వెన్ను దగ్గర నరం ఒత్తుకుపోయి, పిర్ర నుంచి మడమ దాకా లాగే నొప్పి. తగ్గిస్తానని నేను మాట ఇవ్వలేదు. "ఆరు నెలలు ఒక్క పొద్దు కూడా మానకుండా వస్తావా?" అని అడిగాను. "బండి ఏడున్నరకు. ఆరుకే వస్తా," అన్నాడు. అన్నట్టే వచ్చాడు.

మొదటి రెండు వారాలు బోర్లా పడుకోబెట్టి, ఊపిరి పొట్టలోకి తీసి వదలడం తప్ప ఏమీ చేయించలేదు. దాన్నే మకరాసనం అంటారు. మస్తాన్‌కు విసుగొచ్చింది.

"ఏమయివారూ, ఊరికే పండుకోబెడతాండారు? మా ఇంట్లో సాప లేకనా?"

నేను తొందరపడలేదు. ఫార్వర్డ్ బెండింగ్, అంటే ముందుకు వంగే ఆసనాలు, అలాంటి నడుముకు మొదట్లో చెరుపు చేస్తాయి. ఆసనాలంటే కాలివేళ్ళు ముట్టుకోవడమే అనుకుని నరం ఇంకా పాడుచేసుకున్నవాళ్ళను చూశాను. మూడో వారం భుజంగాసనం మొదలుపెట్టాం. ఛాతీని నేల మీంచి బెత్తెడు లేపితే చాలన్నాను. ఆ తర్వాత శలభాసనం, కాళ్ళు ఒక్కొక్కటిగా వెనక్కి లేపడం. ఇందులో మహిమ ఏమీ లేదు. రోజూ కొంచెం కొంచెంగా చేస్తే వెన్నుకు రెండు పక్కలా ఉండే కండలు గట్టిపడి, ఎముకల మీద పడే బరువును తాము మోస్తాయి. వారం చేసి మానేస్తే ఏమీ జరగదు.

రెండో నెల దాటాక రాత్రిళ్ళు కన్ను మూతపడుతోందన్నాడు. నాలుగో నెలలో వంకరగా నడవడం పోయింది. ఐదో నెలలో ఒక పండగ రోజు, కొత్త చొక్కా వేసుకుని, నవ్వుకుంటూ నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"అయివారూ, ఈ పొద్దు నమాజులో నుదురు నేలకు ఆనింది!"

ఏడాదిగా అతను మసీదులో గోడ పక్కన కూర్చుని తల మాత్రం వంచేవాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా విద్య మీద నాకు గర్వం కూడా కలిగింది.

పది రోజుల తర్వాత కదిరిలో ఏదో పనుండి అతని బస్సే ఎక్కాను. దారిలో టీ కోసం బండి ఆపి మస్తాన్ దిగాడు. నేను ఊరికే ముందుకు పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. కూర్చోగానే ఎడమ పక్కకు జారాను. స్ప్రింగులు ఏనాడో విరిగిపోయాయి. వాటి మీద చెక్క, చెక్క మీద మడత పెట్టిన గోనెసంచి. క్లచ్ తొక్కాలంటే కుడిచేత్తో స్టీరింగును పట్టుకుని, నడుము మెలితిప్పి, ఎడమ కాలు చాపాలి. కంకర రోడ్డు మీద పొద్దస్తమానం అలా ఎన్నిసార్లు తొక్కుతాడో! రోజూ పొద్దున నేను గంటసేపు నిలబెట్టిన నడుమును ఈ సీటు పగలంతా విరుస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు?" అని, టీ తాగి వచ్చిన మస్తాన్ మీద అరిచినంత పని చేశాను.

"సెప్పేదేముండాది అయివారూ? ఎప్పుడూ ఇట్లే ఉండాది. సావుకారుకు మూడు తూర్లు సెప్పినా."

మర్నాడే సావుకారు షెడ్డుకు వెళ్ళాను. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించాడు.

"మీ ఆసనాలు బలే పనిచేస్తాండాయి! మస్తాను ఇప్పుడు ఉక్కు మాదిరి ఉండాడు. వానల్లేక జనమంతా హిందూపురంలో రైలెక్కి బెంగుళూరుకు కూలికి పోతాండారు కదా, హిందూపురానికి రెండో ట్రిప్పు కూడా వానికే ఇచ్చినా."

"ముందు ఆ సీటు మార్పించండి. దాని మీద కూర్చుంటే ఎవరి నడుమూ నిలవదు."

ఆయన గట్టిగా నవ్వాడు. "మీరుండంగా కొత్త సీటెందుకు అయివారూ?"

అక్కడ నేను లేచి ఆయన ముఖం మీద నాలుగు మాటలు అనవలసింది. అనలేదు. మా స్కూలు జట్లను పోటీలకు ఉచితంగా తీసుకుపోయేది ఆయన బస్సులే. హెడ్మాస్టరుకు ఆయన దగ్గరి మనిషి. కాఫీ తాగి వచ్చేశాను.

రెండో ట్రిప్పు మొదలైన మూడో వారానికి మస్తాన్ కాలు మళ్ళీ లాగడం మొదలుపెట్టింది. "ట్రిప్పు తగ్గించమని అడుగు," అన్నాను. "అడిగితే పనే తీసేస్తాడు," అన్నాడు. నేను ఆసనాలు తగ్గించి, మళ్ళీ మకరాసనానికి తెచ్చాను. అంతకు మించి ఏమీ చేయలేదు. రోగికి చికిత్స చేస్తున్నాననే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, హిందూపురం నుంచి వస్తూ, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర అతని ఎడమ కాలు తిమ్మిరెక్కి క్లచ్ మీదికి పోలేదు, గేరు మారలేదు. బస్సు రోడ్డు దిగి, ఎండిపోయిన వేరుశనగ చేలోకి పోయి ఆగింది. దేవుడి దయ వల్ల ప్రాణాలు పోలేదు. ఒక ముసలమ్మ మణికట్టు విరిగింది. మస్తాన్‌ను నలుగురు పట్టుకుని దించారు.

రెండో రోజు సావుకారు స్కూలుకే వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"ఒక కాయితం రాసియ్యండి అయివారూ. మస్తాను ఆసనాలు సరిగ్గా చేయలేదు, మధ్యలో ఎగ్గొట్టినాడు అని. తప్పంతా వానిదేనని పోలీసులకు సూపించాల."

నా చెవుల్లోంచి వేడి ఆవిర్లు వచ్చాయి. "రాస్తాను. ఇప్పుడే రాస్తాను," అన్నాను.

ఆయన ఎదుటే కూర్చుని రాశాను. మస్తాన్ ఒక్క రోజు కూడా మానలేదని రాశాను. సీటు ఎలా ఉందో, క్లచ్ తొక్కడానికి మనిషి ఎలా మెలితిరగాలో రాశాను. నేను చెప్పిన తర్వాత కూడా మార్చలేదనీ, పైగా ట్రిప్పు పెంచారనీ రాశాను. చదివి వినిపించి, ఇది మీకు కాదు, బ్రేకిన్‌స్పెక్టరుకు పంపుతున్నానని చెప్పాను. బండ్లను తనిఖీ చేసే అధికారిని మా వైపు అలాగే అంటారు.

"రేపటి నుంచి మీ పిల్లోళ్ళు నడుసుకుంటా పోవాల పోటీలకు," అన్నాడు సావుకారు.

"నడుస్తారు. వాళ్ళ నడుములు బాగానే ఉన్నాయి," అన్నాను.

హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి అరగంట చీవాట్లు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. సీటు మార్చందే బండి రోడ్డెక్కడానికి వీల్లేదన్నాడు. పది రోజుల్లో కొత్త సీటు వచ్చింది. అందులో కూర్చున్నది మాత్రం కొత్త డ్రైవరు. మస్తాన్‌ను పనిలోంచి తీసేశారు.

అతను బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్నాడు. ఆసనాలు మాత్రం మానలేదు. మళ్ళీ బోర్లా పడుకోవడం నుంచి మొదలుపెట్టి, ఎనిమిది నెలలకు నిటారుగా నిలబడ్డాడు. కానీ గంటకు మించి ఒకచోట కూర్చోలేడు. బస్సు తోలడం ఇక లేనే లేదు.

నాకు బదిలీ అయి ఊరు వదిలే ముందు అతని అంగడికి వెళ్ళాను. టీ ఇచ్చి, నా ఎదురుగా నిలబడి, కోపం లేకుండానే అన్నాడు.

"మీరు నేర్పింది మంచిదే అయివారూ. ఈ పొద్దు నిలబడుకోనుండానంటే దానివల్లే. కానీ ఆ కాయితమేదో సీటు సూసిన పొద్దే రాసింటే, నేనింకా బండి తోలుతా ఉందును."

అతనన్నది నిజమే. సావుకారు మీద నాకెంత కోపమో, షెడ్డులో కాఫీ తాగి లేచి వచ్చిన ఆ డ్రిల్ మాస్టరు మీద అంతకంటే ఎక్కువ కోపం.

రోజూ చేసే ఆసనం ఒంటిని నిలబెడుతుంది. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ నొప్పితో ఎవరొచ్చినా నేనిప్పుడు చాప పరవను. ముందు వాళ్ళు పనిచేసే చోటికి పోతాను. మగ్గం గుంటైనా, కుట్టుమిషను బల్లైనా, బండి సీటైనా నేను కూర్చుని చూస్తాను. బాగాలేకపోతే ఆ యజమానికి ఆ రోజే చెబుతాను. అతను నవ్వితే, ఆ సాయంత్రమే కాగితం రాస్తాను.