మూడు మంగళవారాల హాజరు

ప్రయోగశాలలో రసాయనశాస్త్రం నేర్పే ఆయనను విద్యార్థులు చుక్కల మాస్టారని పిలిచేవారు. గాజుగొట్టం నుండి జారే ద్రావణం ఒక్క చుక్క ఎక్కువైనా ఆయన ఒప్పుకొనేవారు కారు. ఇంట్లో కాఫీలో పాలు కూడా కొలిచే పోస్తారని భార్య వేళాకోళం చేసేది. ఏటేటా ద్రావణం గాఢత మార్చి, ఆ అంకెను తన చేతిపుస్తకంలో మాత్రమే వ్రాసుకోవడం ఇరవై రెండేళ్లుగా ఆయన నియమం. పాత రికార్డు చూసి దించినవారు అక్కడే దొరికిపోయేవారు.

ఈసారి దొరికింది చివరి బల్ల అమ్మాయి. మూడు ప్రయోగాలకూ నిరుటి అంకెలే, దశాంశంతో సహా.

తోటి అధ్యాపకురాలు తొంగిచూసి, "ఇంకా ఆలోచన దేనికండీ? అయిదింటిలోగా ప్రిన్సిపాలుగారికి ఫిర్యాదు రాసి పంపేయండి. జాలిపడితే నెత్తికెక్కి కూర్చుంటారు," అంది.

మాస్టారు హాజరు పట్టీ తెరిచారు. ఆ ప్రయోగాలు జరిగిన మూడు మంగళవారాలూ ఆ పిల్ల ప్రయోగశాల గడప తొక్కలేదు. "దిగులుతో మంచం మీంచి లేవలేకపోతున్నా సార్. డాక్టరు మందులిచ్చారు, ఉత్తరం కూడా రాసిచ్చారు. ఇంట్లో తెలీదు," అని ఆమె మెట్ల దగ్గర చెప్పిన నాడు, దయ అనుకొని, మూడింటికీ హాజరు వేసింది ఆయనే. ఫిర్యాదు పంపితే హాజరు పట్టీ అడుగుతారు. పంపకుంటే ఆమె రికార్డులోని అసత్యం కింద సంతకం చేయాలి.

ఆమెను పిలిపించారు.

"డాక్టరుగారి ఉత్తరం జతచేస్తే ప్రయోగాలు మళ్లీ చేయనిస్తారమ్మా."

"నాన్నకు కబురెళ్తుంది సార్. పనీపాటా లేక ఈ దిగుళ్లంటారు. ముందు చదువు మాన్పిస్తారు, తర్వాత మందులు." ఆమె తల వంచుకుంది. "మీరే హాజరు వేశారుగా... అంకెలు కూడా ఫరవాలేదనుకున్నా."

ఆ మాటకు మాస్టారు హాజరు పట్టీని తన వైపు లాక్కున్నారు. కాగితం తీసి, మొదటి వాక్యంలో తన తప్పును, రెండవదానిలో ఆమె తప్పును వ్రాశారు. జబ్బు ఊసెత్తలేదు.

"హాజరు ఎందుకు వేశారని అడిగితే ఏం చెప్తారు సార్?"

"అదే తోచడంలేదు తల్లీ. ఆ జవాబు నీ సంచిలో ఉంది. నేను తీయకూడదు."

అయిదుకు పది నిమిషాలప్పుడు ఇద్దరూ ప్రిన్సిపాలు గది బయట బల్లమీద కూర్చున్నారు. ఆమె సంచిలోంచి డాక్టరు ఉత్తరం తీసింది, లోపల పెట్టింది, మళ్లీ తీసింది.

"మాస్టారూ, రమ్మంటున్నారు," అన్నాడు బంట్రోతు.

ఆయన లేచారు. ఆమె కూడా లేచింది. ఉత్తరం ఆమె పిడికిట్లో ఇంకా మడిచే ఉంది.