కురచైన స్టూలు

విరిగిన మంచం కోళ్లతో స్టూలు చేద్దామని కోస్తుంటే, టేకు పొట్టు వాసనకు మణుగూరులో మా నాయిన గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు, ఊపిరి అందక బొగ్గు గని పని పోయాక, వడ్రంగమైనా నేర్చుకుందామని పాత మంచంతో స్టూలు చేశాడు. అది ఊగింది. ఒక కాలు కోస్తే మరోవైపు ఊగింది. కోసేకొద్దీ అది నా ఎత్తుకు దిగుతోందని నా సంబరం.

"ఇంక జర కొయ్యి నాయినా, నాకు సరిపోతది!"

"ఇంకేం కోస్త బిడ్డా, పీటయింది."

"గీ పనికి కూలెవరిస్తరయ్యా?" అంది అమ్మ, నవ్వబోయి ఆగి.

ఆ పీట మీదే కూర్చుని అన్నం తిన్నాను, నాకోసమే చేశాడనుకుని. నాయిన మళ్లీ రంపం పట్టలేదు. అది నాకోసం కాదని, కూలి దొరుకుతుందేమోనని చేశాడని ఇవాళ నేను రంపం పట్టాకే తెలిసింది. నా స్టూలూ ఊగుతోంది. కోయకుండా గోడకు ఆనించి వచ్చేశాను.